ఆరోగ్య బీమా: ధర్మం ఏమంటుంది, పత్రం ఏమంటుంది?



జుమా నమాజు అయ్యాక మసీదు మెట్ల దగ్గర ఈ మధ్య తరచుగా వినిపించే ప్రశ్న ఒకటుంది: "ఆరోగ్య బీమా తీసుకోవచ్చా, కూడదా?" అడిగేవారు ఒక్క మాటలో జవాబు ఆశిస్తారు. తీసుకోవచ్చు అంటే ఏజెంటు చాచిన కాగితం మీద చదవకుండానే సంతకం పెట్టేస్తారు. కూడదు అంటే ఆ సంగతి అక్కడితో మరచిపోయి, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసిన రోజున మళ్ళీ గుర్తు చేసుకుంటారు. ఈ రెండు పద్ధతులూ విశ్వాసికి తగినవి కావు.

జబ్బు చేసిన రోజున ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. ఇంటి పెద్దకు అర్ధరాత్రి ఛాతీలో నొప్పి వస్తుంది. దగ్గరలో ఉన్న పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్తారు. కౌంటర్లో ముందు అడ్వాన్సు కట్టమంటారు. తెల్లవారేసరికి ఆడవాళ్ళ బంగారం తాకట్టు దుకాణానికి చేరుతుంది. మూడో రోజుకు నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు పుడుతుంది. మనిషి బతికి ఇంటికి వస్తాడు, అల్‌హమ్దులిల్లాహ్! కానీ అతనితో పాటు వడ్డీ కూడా ఆ ఇంట్లోకి వచ్చి కూర్చుంటుంది. కొడుకు చదువు మధ్యలో ఆగుతుంది. కూతురి నికాహ్ వాయిదా పడుతుంది. బీమాలో వడ్డీ కలిసి ఉందని భయపడి దూరంగా ఉన్న ఇల్లే చివరికి నెలనెలా వడ్డీ చెల్లిస్తూ ఉంటుంది. ఈ విషయాన్ని పక్కన పెట్టి బీమా గురించి చేసే చర్చ ఏదైనా అసంపూర్ణమే.

"అల్లాహ్‌పై భారం వేశాం, మాకు బీమాలెందుకు?" అనేవారు కొందరున్నారు. వారి విశ్వాసాన్ని మనం తప్పుపట్టం. కానీ తవక్కుల్ అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడమని మహనీయ ముహమ్మద్ ప్రవక్త (సఅసం) ఎన్నడూ బోధించలేదు. ఒంటెను వదిలేసి దైవంపై భరోసా పెట్టుకోవాలా, కట్టేసి పెట్టుకోవాలా అని ఒక వ్యక్తి అడిగినప్పుడు, ముందు కట్టేసి ఆ తరువాత భరోసా పెట్టుకోమని ఆయన చెప్పిన సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. వైద్యం చేయించుకోమా అని పల్లెవాసులు అడిగితే, చేయించుకోమనే ఆయన ఆదేశించారు. హిజ్రీ 18లో సిరియాలో ప్లేగు వ్యాపించినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) సర్గ్ అనే చోటు దాకా వెళ్ళి, సహచరులతో సంప్రదించి, సైన్యంతో సహా వెనుదిరిగారు. దైవనిర్ణయం నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) ప్రశ్నించారు. ఒక దైవనిర్ణయం నుంచి మరో దైవనిర్ణయం వైపుకే వెళ్తున్నానని చెప్పి, పచ్చిక ఉన్న లోయ పక్కన, ఎండిన లోయ పక్కన ఒంటెలు మేపే కాపరిని ఆయన ఉదాహరణగా చూపారు. ముందుచూపు విశ్వాసానికి విరుద్ధమని ఎవరైనా అంటే ఈ సంఘటనను గుర్తు చేయండి.

అయితే ముందుచూపు పేరిట ఏది పడితే అది ధర్మసమ్మతం అయిపోదు. ఇక్కడే అసలు ప్రశ్న మొదలవుతుంది.

బీమా మన ధర్మశాస్త్రవేత్తలకు కొత్త విషయమేమీ కాదు. 1836లో మరణించిన డమాస్కస్ పండితుడు ఇబ్నె ఆబిదీన్ తన కాలంలో ఓడ సరుకులపై వర్తకులు చేయించే బీమాను పరిశీలించి, అది ధర్మసమ్మతం కాదని రాశారు. తరువాతి ఉలమా చెప్పిన అభ్యంతరాలు ప్రధానంగా మూడు. మొదటిది అనిశ్చితి, అంటే గరర్. డబ్బు కట్టేవాడికి తనకేమి వస్తుందో, ఎప్పుడు వస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియదు. రెండవది జూదంతో పోలిక. తక్కువ కట్టి ఎక్కువ పొందేవాడు ఒకడైతే, ఏళ్ళ తరబడి కట్టి ఏమీ పొందనివాడు మరొకడు. మూడవది వడ్డీ. కంపెనీ మన దగ్గర వసూలు చేసిన సొమ్మును వడ్డీ వచ్చే బాండ్లలో, డిపాజిట్లలో పెడుతుంది. దివ్య ఖుర్ఆన్ వడ్డీని, జూదాన్ని ఎంత కఠినంగా నిషేధించిందో తెలిసిన విశ్వాసి ఈ అభ్యంతరాలను తేలిగ్గా తీసుకోలేడు.

1985 డిసెంబరులో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ ఈ అంశంపై ఒక తీర్మానం చేసింది. నిర్ణీత ప్రీమియంతో నడిచే వాణిజ్య బీమాలో తీవ్రమైన అనిశ్చితి ఉంది గనుక అది నిషిద్ధమని, పరస్పర సహకారంపై ఆధారపడిన బీమా ధర్మసమ్మతమని చెప్పింది. ఉలమా అందరూ ఈ మాట మీద ఏకమయ్యారని అనుకోకండి. సిరియాకు చెందిన ప్రసిద్ధ న్యాయశాస్త్ర పండితుడు ముస్తఫా జర్ఖా బీమా ఒప్పందం దానికదిగా నిషిద్ధం కాదని వాదించారు. లక్షలాది మంది కలిసినప్పుడు నష్టం అంచనాకు అందుతుంది గనుక దాన్ని జూదంతో పోల్చరాదని ఆయన అభిప్రాయం. అయినా మెజారిటీ అభిప్రాయం మొదటిదే.

పరస్పర సహకారం అంటే ఏమిటో తెలియాలంటే యమన్ నుంచి వచ్చిన అష్అరీ తెగవారిని చూడాలి. ప్రయాణంలో గానీ, మదీనాలో గానీ తిండిగింజలు తగ్గిపోతే వారు ఎవరి దగ్గరున్నది వారు తెచ్చి ఒకే గుడ్డలో పోసి, ఒకే కొలపాత్రతో అందరికీ సమానంగా పంచుకునేవారు. దైవప్రవక్త (సఅసం) వారిని ఎంతగా మెచ్చుకున్నారంటే, వారు నావారు, నేను వారివాడిని అన్న భావంతో మాట్లాడారు. నేటి తకాఫుల్ పద్ధతికి ఉలమా చూపే మూలాల్లో ఇదొకటి. తకాఫుల్‌లో సభ్యులు తమ సొమ్మును విరాళం సంకల్పంతో ఉమ్మడి నిధిలో వేస్తారు. ఎవరికి కష్టం వస్తే వారికి అందులోంచి సాయం అందుతుంది. నడిపే సంస్థ కేవలం ప్రతినిధి. దానికి ముట్టేది నిర్వహణ రుసుమే. మిగులు సభ్యులది. నిధిని వడ్డీ లేని మార్గాల్లోనే పెడతారు. 1979లో సూడాన్‌లో మొదలైన ఈ సంస్థలు మలేషియాలో 1984 చట్టంతో వేళ్ళూనాయి. సౌదీ అరేబియా 1999లో చేసిన ఆరోగ్య బీమా చట్టం కూడా సహకార పద్ధతి పేరుతోనే ఉంది.

మన నిజామాబాద్, కరీంనగర్, కడప జిల్లాల నుంచి సౌదీకి, దుబాయికి వెళ్ళిన సోదరుల జేబులో యజమాని ఇచ్చిన ఆరోగ్య బీమా కార్డు ఉంటుంది. అక్కడి చట్టం దాన్ని తప్పనిసరి చేసింది. ఇక్కడ ఇంట్లో ఉన్న అమ్మకు, నాన్నకు, భార్యాపిల్లలకు మాత్రం ఏ కార్డూ ఉండదు. ఆయన పంపే డబ్బులో సగం ఆసుపత్రికే పోతున్నా ఎవరూ ఆలోచించరు.

మరి మన దేశంలో తకాఫుల్ పద్ధతిలో ఆరోగ్య బీమా ఇచ్చే కంపెనీ లేదు. అందువల్ల ప్రశ్న ఇలా మారుతుంది: సంపూర్ణంగా ధర్మసమ్మతమైన మార్గం అందుబాటులో లేనిచోట, వైద్యం ఖర్చు ఒక కుటుంబాన్ని నిలువునా ముంచగలిగే స్థితిలో, ఏం చేయాలి? ఇక్కడ మన దేశంలోని ఉలమా మధ్య భేదాభిప్రాయం ఉంది. సాధారణ పరిస్థితిలో కూడదని, చట్టం తప్పనిసరి చేస్తేనో, యజమాని కల్పిస్తేనో పరవాలేదని కొందరంటారు. నేటి వైద్యం ఖర్చులు సామాన్యుడికి నిర్బంధ పరిస్థితిని తెచ్చాయి గనుక, రెండు కీడుల్లో తక్కువ కీడును ఎంచుకోవచ్చనే ధర్మసూత్రం ప్రకారం అనుమతి ఉందని మరికొందరంటారు. తాను కట్టిన దానికంటే ఎక్కువ వైద్యం పొందినవాడు, స్తోమత కలిగినప్పుడు ఆ తేడాను పుణ్యాపేక్ష లేకుండా పేదలకు ఇచ్చేయాలని సలహా ఇచ్చేవారూ ఉన్నారు.

ఫత్వా ఇవ్వడం ఈ వ్యాసం పని కాదు. మీరు నమ్మే ముఫ్తీ సాహెబ్‌ను అడగండి. కానీ పూర్తి ప్రశ్న అడగండి. "బీమా హలాలా?" అని కాకుండా, మీ ఆదాయం ఎంత, ఇంట్లో ఎవరికి ఏ జబ్బుంది, ప్రభుత్వ కార్డు ఉందా, ఆపద వస్తే వడ్డీ లేకుండా మీకు అప్పిచ్చే బంధువులున్నారా అనేవి చెప్పి అడగండి. నాలుగు అంతస్తుల ఇల్లున్న వ్యాపారికి, రోజు కూలి మీద బతికే ఆటో డ్రైవరుకు జవాబు ఒకటే కావాలని లేదు. జీవిత బీమాను, ఆరోగ్య బీమాను కూడా కలిపి అడగవద్దు. పొదుపుతో ముడిపడిన జీవిత బీమాలో గడువు తీరాక సొమ్ము పెరిగి తిరిగి వస్తుంది. మామూలు ఆరోగ్య పాలసీలో అలా తిరిగి వచ్చేదేమీ లేదు. ఏడాది గడిస్తే ఆ ప్రీమియం అయిపోయినట్లే. అభ్యంతరాలు రెండింటికీ ఒకేలా వర్తించవు.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. కొద్ది దీనార్ల అప్పు మిగిల్చి చనిపోయిన వ్యక్తి జనాజా వస్తే, ఆ అప్పు బాధ్యతను ఒక సహాబీ తన మీద వేసుకునే దాకా దైవప్రవక్త (సఅసం) స్వయంగా నమాజు చేయించలేదు. తరువాత ముస్లిముల ఆర్థిక స్థితి మెరుగుపడ్డాక అలాంటి అప్పులను ఆయనే తీర్చేవారు. అప్పు విషయంలో అంత జాగ్రత్త నేర్పిన ధర్మాన్ని అనుసరించే మనం, ఆసుపత్రి అప్పును తలరాతగా సరిపెట్టుకోవడం ఎంతవరకు సబబు?

ఇక ఆచరణలోకి వద్దాం. డబ్బు పెట్టి పాలసీ కొనే ముందు, ప్రభుత్వం ఇచ్చేది మీకు ఉందో లేదో చూసుకోండి. ఇందులో ప్రీమియం మీరు కట్టరు. ప్రజాధనం నుంచి పౌరుడికి అందే సాయం గనుక ధర్మపరమైన చిక్కూ చాలా తక్కువ. ఉమ్మడి రాష్ట్రంలో 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితిని కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకానికి 2024లో ఎన్టీఆర్ వైద్య సేవ అని పేరు మార్చారు. 70 ఏళ్ళు నిండిన వృద్ధులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం అందించే ఆయుష్మాన్ భారత్ విస్తరణను కేంద్రం 2024 అక్టోబరు 29న ప్రారంభించింది. అర్హత ఉండి కూడా ఆధార్‌లో పేరు ఒకలా, రేషన్ కార్డులో మరోలా ఉండటం వల్ల ఆసుపత్రి కౌంటరు దగ్గర ఆగిపోయే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. షేక్ అనే ఇంటిపేరు ఒక కార్డులో ముందు, ఇంకో కార్డులో వెనుక! ఇది జబ్బు వచ్చాక సరిచేసుకునే పని కాదు. ఈ వారమే చూసుకోండి. అలాగే ఈ పథకాలు జాబితాలో ఉన్న జబ్బులకు, జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లోనే వర్తిస్తాయని గుర్తుంచుకోండి.

ఈ ఆసరా లేనివారు, ఉన్నా చాలదనుకున్నవారు, తమ ఉలమాను సంప్రదించి ప్రైవేటు పాలసీ తీసుకోవాలని నిర్ణయించుకుంటే, అది ఒక ఒప్పందం అని గ్రహించాలి. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు నమాజు గురించో, ఉపవాసం గురించో కాదు. అప్పు లావాదేవీని రాసుకోవడం, సాక్షులను పెట్టుకోవడం గురించి. వ్యవహారంలో రాతకు అంత ప్రాధాన్యమిచ్చిన గ్రంథాన్ని నమ్మేవాళ్ళం, ఏజెంటు నోటిమాట విని సంతకం పెడుతున్నాం! ఏజెంటుకు కమీషన్ ఉంటుంది. అది తప్పు కాదు, అతని జీవనోపాధి. కానీ అతను చెప్పింది పత్రంలో లేకపోతే క్లెయిము రోజున దానికి విలువ ఉండదు.

పత్రంలో మొదట చూడవలసింది బీమా మొత్తం ఎంత అని కాదు, గది అద్దెకు పరిమితి ఉందా అని. ఒక లెక్క చూడండి. మూడు లక్షల పాలసీ, గది అద్దె పరిమితి రోజుకు ఒక శాతం, అంటే 3,000 రూపాయలు. రోగిని రోజుకు 6,000 గదిలో చేర్చారు. ఐదు రోజులకు గది అద్దె 30,000, డాక్టర్ల ఫీజు, ఆపరేషన్ థియేటరు వంటివి లక్ష, మందులు, స్టెంటు, పరీక్షలు 70,000. మొత్తం రెండు లక్షలు. మూడు లక్షల పాలసీ ఉంది గదా, మొత్తం వస్తుందనుకుంటారు. అలా రాదు. అర్హతకు రెట్టింపు అద్దె గది తీసుకున్నందున గది అద్దెలో సగం 15,000, డాక్టర్ల ఫీజు తదితరాల్లో సగం 50,000 మీ జేబులోంచి పోతాయి. మందులు, స్టెంటు, పరీక్షలకు ఈ కోత ఉండదు. అయినా 65,000 రూపాయలు మీరే కట్టాలి. గది కొంచెం విశాలంగా ఉంటే బాగుంటుందని బంధువులు చెప్పిన మాటకు ఖరీదు అది. కాబట్టి గది పరిమితి లేని పాలసీ చూసుకోండి. ఉన్నదే తీసుకుంటే, చేరేటప్పుడే ఆ పరిమితిలోని గది అడగండి.

రెండోది, వేచి ఉండే కాలం. ప్రమాదాలు తప్ప మిగతా జబ్బులకు మొదటి 30 రోజులు పాలసీ పనిచేయదు. శుక్లాలు, హెర్నియా, మోకాలి మార్పిడి వంటి వాటికి సాధారణంగా రెండేళ్ళు ఆగాలి. పాలసీ తీసుకునే నాటికే ఉన్న జబ్బులకు గరిష్ఠ గడువు 2024 నిబంధనల ప్రకారం 36 నెలలు. జబ్బు వచ్చాక పరుగెత్తి పాలసీ కొనేవారికి అది ఎందుకు ఉపయోగపడదో దీన్ని బట్టి తెలుస్తుంది. నిన్నటి దాకా నిర్లక్ష్యం చేసి, డాక్టరు ఆపరేషన్ అన్న రోజున పాత తేదీతో పాలసీ దొరుకుతుందా అని అడిగేవారు కూడా ఉన్నారు. అది అడగడమే మోసానికి మొదటి మెట్టు.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. బిల్లులో ఇంత శాతం మీరే భరించాలన్న షరతు ఉందేమో చూడండి. వృద్ధుల పాలసీల్లో ఇది తరచుగా ఉంటుంది. తల్లిదండ్రులను, పిల్లలను ఒకే పాలసీలో కలపకండి. ప్రీమియం ఇంట్లో అందరికంటే పెద్దవారి వయసును బట్టి పెరుగుతుంది. ప్రసూతి ఖర్చు చాలా పాలసీల్లో ఉండదు. ఉన్నా వేచి ఉండే కాలం ఉంటుంది గనుక నికాహ్ అయిన కొత్తలోనే కనుక్కోవాలి. భార్య పేరు చేర్చడం మరచిపోయి తన పేరు మాత్రమే రాయించుకునే భర్తలకు ప్రత్యేకంగా చెప్పాలా? మీ ఊరికి దగ్గరలోని ఏయే ఆసుపత్రుల్లో నగదు లేకుండా వైద్యం దొరుకుతుందో జాబితా అడిగి తీసుకోండి. హైదరాబాదులో యాభై ఆసుపత్రులుండి ఆదోనిలో ఒక్కటీ లేకపోతే ఆదోనివారికి ఏం లాభం? వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై 18 శాతం ఉన్న జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి ఎత్తివేశారు. ఇప్పటికీ ఎవరైనా పన్ను పేరు చెప్పి అదనంగా అడిగితే ఇవ్వకండి. ఎన్నో పాలసీల మధ్య తేల్చుకోలేనివారు ఆరోగ్య సంజీవని అనే ప్రామాణిక పాలసీతో పోల్చి చూసుకోవచ్చు. 2020 ఏప్రిల్ నుంచి ఏ కంపెనీలో తీసుకున్నా దాని షరతులు ఒకటే. గది అద్దె పరిమితి, ఐదు శాతం స్వంత వాటా అందులో ఉన్నాయి. అంతకంటే తక్కువ సౌకర్యాలతో అంతకంటే ఎక్కువ ప్రీమియం అడిగే పాలసీ మీకు అనవసరం.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన విషయానికి వస్తున్నాను. దరఖాస్తు పత్రంలో కొన్ని ప్రశ్నలుంటాయి. షుగరు ఉందా, బీపీ ఉందా, ఇంతకు ముందు ఆపరేషన్ జరిగిందా, పొగాకు అలవాటుందా? చాలాచోట్ల ఏజెంటే "లేదు, లేదు, లేదు" అని టిక్కులు పెట్టేస్తాడు. "ఉందని రాస్తే ప్రీమియం పెరుగుతుంది భాయ్" అంటాడు. మనం తలూపుతాం. పదేళ్ళుగా షుగరు మాత్ర మింగుతున్న మనిషి, జర్దా పాన్ నోట్లో పెట్టుకునే ఆ కాగితం మీద సంతకం చేస్తాడు.

మదీనా అంగడిలో ధాన్యం రాశిలోకి దైవప్రవక్త (సఅసం) చేయి పెడితే లోపల తడి తగిలింది. వాన పడి తడిసిందని వర్తకుడు చెప్పాడు. మరి జనానికి కనిపించేలా తడిసిన ధాన్యాన్ని పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు. మోసగించేవాడికి తనతో సంబంధం లేదని హెచ్చరించారు. దరఖాస్తులో దాచిన షుగరు ఆ తడిసిన ధాన్యమే. బీమా హలాలా హరామా అని ఉలమా మధ్య భేదాభిప్రాయం ఉండవచ్చు. అబద్ధం ఆడి బీమా పొందడం విషయంలో ఏ భేదాభిప్రాయమూ లేదు.

లోకరీతిలో చూసినా అది నష్టమే. గుండె ఆపరేషన్ రోజున కంపెనీవారు పాత మందుల చీటీలు అడుగుతారు. ఆసుపత్రి రికార్డులో పదేళ్ళ షుగరు అని డాక్టరు రాసే ఉంటాడు. క్లెయిము తిరస్కరిస్తారు, పాలసీ కూడా రద్దు చేయవచ్చు. నిజం రాసి ఉంటే ప్రీమియం కొంత పెరిగేది, వేచి ఉండే కాలం మూడేళ్ళు ఉండేది, ఆ తరువాత ఆ జబ్బు కూడా పాలసీలోకి వచ్చేది. ఐదేళ్ళు ఆగకుండా పాలసీ కొనసాగితే, మోసం రుజువైతే తప్ప, వివరాలు చెప్పలేదన్న కారణంతో కంపెనీ క్లెయిము తిరస్కరించరాదని 2024 నుంచి నిబంధన ఉంది. మోసం రుజువైతే తప్ప అన్న మాటను మళ్ళీ చదవండి. దరఖాస్తును మీ చేత్తో నింపండి. చదువు రానివారు నమ్మకమైన మనిషితో పైకి చదివించుకుని, జవాబు స్వయంగా చెప్పి రాయించండి. నింపిన పత్రం నకలు దగ్గర పెట్టుకోండి. పాలసీ చేతికి వచ్చాక 30 రోజుల లోపు నచ్చకపోతే వెనక్కి ఇచ్చే హక్కు మీకుంది. ఆ 30 రోజుల్లో అందులో ఏం రాశారో చదవండి.

అన్న కార్డు మీద తమ్ముడికి వైద్యం చేయించడం, జ్వరానికి అవసరం లేకపోయినా చేరి బిల్లు రాబట్టడం, ఆసుపత్రివారు బిల్లు పెంచుదామంటే సరేననడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. కంపెనీ డబ్బే గదా అనుకుంటారు. ఆ నిధిలో మీలాంటి ఆటో డ్రైవరు, టైలరు, టీచరు కట్టిన సొమ్ముంది. అన్యాయంగా తీసుకున్న ప్రతి రూపాయీ వచ్చే ఏడు వారి ప్రీమియంలో కలుస్తుంది. వారు ముస్లిములా, హిందువులా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. ఇది దైవదాసుల హక్కు. దైవదాసుల హక్కును ఆ దాసులే క్షమించాలి. లక్షలాది మందిని ప్రళయదినాన ఎక్కడని వెదుకుతాం?

అయితే కంపెనీ అన్యాయం చేస్తే మౌనంగా ఉండమని కూడా ధర్మం చెప్పదు. నగదు లేని వైద్యానికి అనుమతి అడిగిన గంటలోపు, డిశ్చార్జి రోజున తుది అనుమతి మూడు గంటల్లోపు కంపెనీ తేల్చాలని 2024లో బీమా నియంత్రణ సంస్థ ఆదేశించింది. క్లెయిము తిరస్కరిస్తే ఏ షరతు ప్రకారమో రాతపూర్వకంగా చెప్పాలి. ముందు కంపెనీకి రాతలో ఫిర్యాదు చేయండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోపు దరఖాస్తు చేసుకోవచ్చు. దానికి రుసుము లేదు, వకీలు అక్కరలేదు. ఆ కార్యాలయం హైదరాబాదులో ఉంది. బీమా నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం కూడా హైదరాబాదులోనే ఉంది. ఇంత దగ్గరున్నా మనవాళ్ళు వెళ్ళడం తక్కువ. తిరస్కరణ ఉత్తరం చూసి "నసీబ్" అని మడిచి బీరువాలో పెట్టేస్తారు.

చివరగా మసీదు కమిటీల పెద్దలకు ఒక మాట. ప్రీమియం కట్టలేనివారు, ప్రభుత్వ జాబితాలో లేని జబ్బు వచ్చినవారు, ధర్మభీతితో బీమాకు దూరంగా ఉన్నవారు ప్రతి మొహల్లాలోనూ ఉంటారు. వారికి బీమా కూడదని చెప్పే మనం వారికి ఏ ప్రత్యామ్నాయం చూపుతున్నాం? జకాత్ పొందడానికి దివ్య ఖుర్ఆన్ పేర్కొన్న ఎనిమిది వర్గాల్లో అప్పుల్లో చిక్కుకున్నవారు ఒక వర్గం. ఆసుపత్రి అప్పులో మునిగినవాడు అందులో రాడా? రమజాన్‌లో చీరలు, సరుకులు పంచే జకాత్‌లో కొంత భాగం ఏడాది పొడవునా చికిత్స కోసం విడిగా ఉంచి, లెక్కలు నోటీసు బోర్డు మీద పెట్టవచ్చు. వడ్డీ లేని అప్పు ఇచ్చే చిన్న బైతుల్‌మాల్ నడపవచ్చు. అష్అరీ తెగవారు తమ దగ్గరున్న గింజలతోనే మొదలుపెట్టారు.

అదీ కాకపోతే, నెలకు ఒక జుమా రోజున నమాజు తరువాత మసీదు వరండాలో ఒక బల్ల వేయించండి. చదువుకున్న ఇద్దరు యువకులను, వీలైతే స్త్రీల వైపు ఒక అమ్మాయిని కూర్చోబెట్టండి. ఎవరి ఆధార్‌లో పేరు తప్పుగా ఉంది, ఎవరి వృద్ధ తల్లిదండ్రులకు కార్డు లేదు, ఎవరి పాలసీ రెన్యూవల్ తేదీ దాటిపోతోంది, ఎవరి దగ్గర తిరస్కరణ ఉత్తరం ఉండిపోయింది అని చూసి రాసిపెట్టమనండి. ఏడాది పాలసీకి గడువు తీరాక 30 రోజుల్లో రెన్యూవల్ చేస్తే పాత ఏళ్ళ లెక్క పోదు, కానీ ఆ మధ్య రోజుల్లో వచ్చిన జబ్బుకు రక్షణ ఉండదు. ఈ ఒక్క సంగతి సమయానికి చెప్పడానికైనా ఆ బల్ల దగ్గర ఒక మనిషి కావాలి.